బాల్యమున సంస్కారపరీక్ష - ఒక విచారము

వేదపాఠశాలలలోను, సంస్కృత పాఠశాలలలోను ఏటేట కనబడు దృశ్యమొకటి కలదు. ఎనిమిదేండ్ల బాలుడు ఒక అనువాకమును సంథ చెప్పుకొనును. పదిదినములు తప్పు లేకుండ వల్లించును. అంతలో జ్వరము వచ్చియో, ఇంట శుభకార్యమునకు పోయియో రెండు మాసములు పాఠమునకు దూరమగును. తిరిగి వచ్చిన నాడు గురువు "ఏదీ, చెప్పు నాయనా" అనగా మొదటి వాక్యముననే ఆగిపోవును. తరువాతి పదమందించినను ముందునకు సాగడు. "వీనికి ధారణ లేదు" అను తీర్పు ఆ క్షణముననే వెలువడును. ఆ మాట తండ్రి చెవిని బడును. ఒకానొకప్పుడు ఆ మాటతోనే పిల్లవాని చదువు ముగియును.

ఈ తీర్పునకు ఆధారమైన భావమేమి? అడిగినపుడు చెప్పలేనిది మనస్సున లేనే లేదను భావము. ఈ భావము శాస్త్రసమ్మతము కాదు. గత శతాబ్దపు ప్రయోగములును దీనిని బలపరుపలేదు. చెప్పజాలకపోవుట వేరు, లేకపోవుట వేరు. ఉన్నదో లేదో తేల్చుటకు అడుగుట యొక్కటే సాధనము కాదు. బాల్యమునందలి అవ్యక్తస్మృతిని కొలుచుట అను పేర పాశ్చాత్య మనశ్శాస్త్రజ్ఞులు చేసిన కృషి యంతయు ఈ వివేకము మీదనే నిలిచి యున్నది. ఆ కృషిని ప్రాచ్యకళాశాలల అధ్యాపకులు తెలిసికొనవలెను. తెలిసికొని తమ పాఠశాలలలో వినియోగించుకొనవలెను. అట్లని దాని నంతను తలమీద పెట్టుకొన నక్కర లేదు.

ముందుగా పదములను సరిచూచుకొనుట మంచిది. స్మృతి యనగా సంస్కారమాత్రము వలన పుట్టెడి జ్ఞానమని తర్కసంగ్రహకర్త అన్నంభట్టు లక్షణము చెప్పెను. ఆ లక్షణములోని మాత్రపదమునకు ప్రయోజనము కలదు. "వాడే ఈ దేవదత్తుడు" అను ప్రత్యభిజ్ఞ సంస్కారముతో పాటు ఇంద్రియసన్నికర్షను గూడ అపేక్షించును. దానియందు అతివ్యాప్తి కలుగకుండుటకై మాత్రపదము చేర్పబడినది. అనుభవము వలన పుట్టి స్మృతికి హేతువగు ఆత్మగుణమునకు భావన యని పేరు. వేగము, భావన, స్థితిస్థాపకము అను త్రివిధసంస్కారములలో అది యొకటి. అది ఇంద్రియములకు గోచరించునది కాదు. కార్యమును చూచి ఊహింపదగినది మాత్రమే. కావున న్యాయమతమున సంస్కారము ఒకటి, దాని కార్యమగు స్మృతి మరియొకటి. కార్యము లేనంత మాత్రమున కారణము లేదనుట అనుమానదోషమగును. సహకారి లేనందున కార్యము పుట్టక పోయి యుండవచ్చును.

ఆ సహకారికే ఉద్బోధకమని పేరు. న్యాయసూత్రముల మూడవ అధ్యాయమున ప్రణిధానము మొదలుకొని అభ్యాసము, సాదృశ్యము, సంబంధము, సుఖము, దుఃఖము, భయము ఇత్యాదిగా ఇరువదికి పైగా స్మృతిహేతువులు పరిగణింపబడినవి. గురువు "చెప్పు" మనుట వీనిలో ఒక్కదానికి మాత్రమే సరిపోవును. ఒక ఉద్బోధకము విఫలమైన యెడల మిగిలినవి పరీక్షింపకయే సంస్కారము నశించినదని తేల్చుట తొందరపాటు. న్యాయము చదివిన గురువు సైతము పాఠము చెప్పునపుడు ఈ భేదమును విస్మరించుట విచారకరము.

ఇదే భేదము పాశ్చాత్యులకు రోగుల వలన తెలియవచ్చినది. జెనీవా నగరపు వైద్యుడు క్లాపరేడ్ 1911లో ఒక వృత్తాంతమును ప్రకటించెను. జ్ఞాపకశక్తి నశించిన ఒక స్త్రీతో కరచాలనము చేయుచు ఆయన తన వ్రేళ్ల నడుమ గుండుసూది దాచి గ్రుచ్చెను. మరల ఆయన చేయి చాచినపుడు ఆమె తన చేతిని వెనుకకు తీసికొనెను. ఎందుకని అడుగగా గ్రుచ్చిన సంగతి ఆమెకు జ్ఞప్తి లేదు. పిమ్మట 1953లో అమెరికాయందు మూర్ఛరోగ నివారణకై హెన్రీ మొలైసన్ అనునతనికి మెదడులో హిప్పోకాంపస్ అను భాగమును, దాని పరిసరములను తొలగించిరి. అతడు నాటి నుండి 2008లో మరణించు వరకు కొత్త సంగతులను జ్ఞప్తియందు నిలుపుకొనలేక పోయెను. అతనికి అద్దములో మాత్రమే కనబడు నక్షత్రాకృతిని గీతతో చుట్టి వచ్చు పనిని బ్రెండా మిల్నర్ అను విదుషి మూడు దినములు చేయించెను. దినదినమునకు తప్పులు తగ్గెను. ఆ పని అంతకు ముందు చేసినట్లు మాత్రము అతడెరుగడు. ఆమె ఈ ఫలితమును 1962లో ప్రకటించెను. చేతికి సంస్కారము కలదు, "అది నేను చేసితిని" అను తత్తోల్లేఖము లేదు. 1985లో గ్రాఫ్, షాక్టర్ అను నిరువురు ఈ రెండింటికిని వ్యక్తస్మృతి, అవ్యక్తస్మృతి అను అర్థము గల ఆంగ్లనామములను ప్రచారములోనికి తెచ్చిరి.

అవ్యక్తస్మృతి యను తెలుగుపదము నేడు విద్యావిషయక వ్యాసములలో వాడుకలోనికి వచ్చినది. వాడుకను కాదనుట సాధ్యము కాదు గాని అందొక చిక్కు కలదు. తత్త, అనగా "అది" అను స్ఫురణ, లేనిచో న్యాయమతమున అది స్మృతియే కాదు. అద్దమును చూచి గీత గీయువాని చేతియందున్నది స్మృతి కాదు, సంస్కారకార్యము. ప్రశస్తపాదుడు భావన దృఢపడుటకు మూడు హేతువులు చెప్పెను. పటుత్వము, అభ్యాసము, ఆదరము అనునవి యవి. పటుత్వమునకు దక్షిణదేశస్థుడు మొదటిసారి ఒంటెను చూచుటను ఉదాహరించెను. అభ్యాసమునకు విద్యతో పాటు శిల్పమును, వ్యాయామమును గూడ చేర్చెను. శిల్పియొక్క చేతివాటము, మల్లుని ఒడుపు స్మరణరూపమున వెలువడునవి కావు గదా. కావున పాశ్చాత్యులు అవ్యక్తస్మృతి యనుదానిని సంస్కారమనియే వ్యవహరించుట యుక్తతరము. అట్లు వ్యవహరించిన యెడల దానిని సూటిగా కొలువరాదనియు, కార్యద్వారముననే కొలువవలెననియు పేరే గుర్తు చేయును.

బాలురయందు ఈ కార్యమును కొలిచిన తీరులలో చిత్రఖండములది ప్రసిద్ధమైనది. ఒక ఏనుగు బొమ్మను గీతలు చెరిపి చెరిపి గుర్తుపట్టరానంతగా చేయుదురు. పిల్లవానికి మొదట మిక్కిలి చెరిపినదియు, క్రమముగా తక్కువ చెరిపినదియు చూపి ఎచట గుర్తుపట్టునో వ్రాసికొందురు. కొంతకాలమునకు అవే బొమ్మలను, కొత్త బొమ్మలను కలిపి చూపుదురు. చూచిన బొమ్మను ముందుకంటె తక్కువ గీతలతో గుర్తుపట్టినచో ఆ భేదమే సంస్కారమునకు లింగము. "ఇది ముందు చూచితివా" అని వేరుగ అడుగుదురు. అది ప్రత్యభిజ్ఞకు పరీక్ష. 1988లో పార్కిన్, స్ట్రీట్ అను బ్రిటిషు పరిశోధకులు 3, 5, 7 ఏండ్ల పిల్లలను, పెద్దలను ఇట్లు పరీక్షించిరి. ప్రత్యభిజ్ఞ వయస్సుతో పెరిగెను. మొదటి సామర్థ్యములో గల భేదమును లెక్కించి చూడగా సంస్కారలాభము మాత్రము మూడేండ్లవానికిని పెద్దవానికిని ఇంచుమించు సమానముగ నుండెను.

1994లో న్యూకూంబ్, ఫాక్స్ అనువారు ఇంకొక మార్గమును త్రొక్కిరి. పదేండ్ల ప్రాయపు పిల్లలకు వారి శిశుపాఠశాలలోని సహాధ్యాయుల పాత ఛాయాచిత్రములను, ఎన్నడును చూడని పిల్లల చిత్రములను కలిపి చూపిరి. చర్మముపై విద్యుత్ప్రసారములో కలుగు మార్పును యంత్రముతో కొలిచిరి. గుర్తుపట్టితిమని నోటితో చెప్పగలిగినది స్వల్పము. అయినను పాత స్నేహితుల ముఖములకు చర్మము ఎక్కువగా స్పందించెను. మిక్కిలి తక్కువ గుర్తుపట్టిన పిల్లలయందును ఆ స్పందన తగ్గలేదు. నోరు లేదన్నదానిని శరీరము కలదన్నది.

పాఠశాలా గురువునకు వీని అన్నింటికంటె ఉపకరించునది మరియొక ప్రయోగము. దానికి పూర్వరంగము 1885లో ఎబింగ్‌హౌస్ అను జర్మను పండితుడు ప్రకటించిన గ్రంథము. ఆయన అర్థము లేని అక్షరసముదాయములను తానే వల్లించి, మరచి, మరల వల్లించెను. రెండవమారు వల్లించుటకు ఎంత శ్రమ తగ్గెనో దానిని నిలువయని గణించెను. ఒక దినము గడచిన పిమ్మట సుమారు మూడవవంతు, 31 దినములు గడచిన పిమ్మట సుమారు అయిదవవంతు శ్రమ తగ్గెను. అనగా పూర్తిగ మరచితిననుకొన్నదానియందును మిగిలినది కలదు. అది పునరభ్యాసమున మాత్రమే వెలువడును.

అమెరికాలోని ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయపు ఆచార్యుడు హారల్డ్ బర్ట్ ఈ రీతిని తన కుమారునియందు ప్రయోగించెను. శిశువునకు 15 మాసములు నిండినది మొదలు 3 ఏండ్లు వచ్చువరకు సోఫొక్లీజు గ్రీకునాటకములోని 20 పంక్తుల ఖండములను చదివి వినిపించెను. దినమునకు 3 ఖండములు, అవే 3 మాసములు, ఆపై మరి 3 ఖండములు, ఈ క్రమమున మొత్తము 21. శిశువునకు గ్రీకుభాష రాదు. అర్థమునకు ప్రసక్తియే లేదు. వాడు వినుటయే గాని వల్లించుట లేదు. ఎనిమిదిన్నర ఏండ్లప్పుడు వానిచే నాడు విన్న ఖండములు కొన్నింటిని, వానితో సమానమైన కొత్తఖండములను కంఠస్థము చేయించిరి. కొత్తవానికి సగటున 435 ఆవృత్తులు కావలసి వచ్చెను. శైశవమున విన్నవానికి 317 చాలెను. నాలుగవవంతుకు పైగా శ్రమ తగ్గెను. 14 ఏండ్లప్పుడు, ఇంతకు ముందు పరీక్షింపని ఖండములతో చూడగా తగ్గుదల నూటికి సుమారు 8 మాత్రమే. 18 ఏండ్లప్పుడు ఏమియు మిగులలేదు. చివరి ఫలితమును ఆయన 1941లో ప్రకటించెను.

ఈ ప్రయోగము ఒక్క బాలునిపై జరిగినది. ఒక్క దృష్టాంతముతో వ్యాప్తి సిద్ధింపదు. అయినను కొలుచు రీతియందు దీనికి సాటి రానివి పెక్కు. ఒక్కొక్క వయస్సున వేరువేరు ఖండములను తీసికొనుట చేత ముందు పరీక్ష యొక్క సంస్కారము తరువాతి పరీక్షలో కలియలేదు. కొత్తఖండములు పక్కన నుండుట చేత వయస్సుతో సహజముగ పెరుగు శక్తి వేరు పడినది. ఫలితము ద్విముఖము. అర్థము లేకయే, స్మరణ లేకయే శైశవశ్రవణము సంస్కారమును నిలిపెను. ఆవృత్తి లేకపోవుట చేత ఆ సంస్కారమే క్రమముగ క్షయించెను.

ఇచట పూర్వపక్షము రాక మానదు. శిశువు చేష్టను చూచి సంస్కారమును ఊహించుట ఎట్లు? ఆ చేష్టకు వేరు కారణముండరాదా? ఈ ప్రశ్న కొత్తది కాదు. న్యాయసూత్రముల మూడవ అధ్యాయము ప్రథమాహ్నికమున నవజాతశిశువు యొక్క హర్షభయశోకములను, స్తన్యాభిలాషను బట్టి పూర్వాభ్యాసము ఊహింపబడినది. పద్మము వికసించి ముడుచుకొనునట్లు ఇదియు స్వభావజమే కారాదా యని ఒక ఆక్షేపము. ఇనుము అయస్కాంతమును చేరునట్లు శిశువు స్తన్యమును చేరును గాని అభ్యాసము వలన కాదని మరియొక ఆక్షేపము. సూత్రకారుడు పద్మవికాసమునకు ఉష్ణశీతవర్షకాలములు నిమిత్తములని చూపి మొదటి ఆక్షేపమును త్రోసిపుచ్చెను. ఆయన సాధింపబూనినది పూర్వజన్మ. దానిని కొలతలచే సాధించుట నేటి ప్రయోగముల ఉద్దేశము కాదు. కాని వాదక్రమము నేటికిని పాటింపదగినదే. చేష్టకు అన్యకారణమును నివారింపనిదే సంస్కారమును ఊహింపరాదు.

ఈ నివారణనే ఆధునికులు మొదటి కొలత యని అందురు. అమెరికాయందు కరోలిన్ రోవీ కోలియర్ అను విదుషి శిశువులతో చేసిన ప్రయోగములు దీనికి చక్కని నిదర్శనము. శిశువు కాలికి పట్టీ కట్టి దానిని ఉయ్యాలపై వ్రేలాడు బొమ్మలకు ముడివేయుదురు. కాలాడించిన బొమ్మలు కదలును. ముడి వేయకముందు శిశువు సహజముగ ఎన్నిమార్లు కాలాడించునో లెక్కించి యుంచుకొందురు. కొన్నిదినముల పిమ్మట ముడి లేకుండ ఆ బొమ్మల క్రింద పరుండబెట్టగా సహజముకంటె ఎక్కువ ఆడించినచో అది సంస్కారము. 3 మాసముల శిశువునందు ఇది సుమారు ఒక వారము, 6 మాసముల శిశువునందు సుమారు 2 వారములు నిలిచెను. మొదటి లెక్క లేనిచో ఇది పద్మవికాసమేమో యను శంక తీరదు.

మరి రెండు చిక్కులను గూడ దాచక చెప్పవలెను. మొదటిది సాంకర్యము. సంస్కారమును మాత్రమే పరీక్షించుచున్నామని గురువు తలచుచుండగా చురుకైన బాలుడు "ఇది నిన్నటి పాఠమే" అని స్మరించి సమాధానము చెప్పవచ్చును. అపుడు కొలువబడినది స్మృతి. వయస్సు పెరిగిన కొలది ఈ సాంకర్యము పెరుగును. పెద్దపిల్లలకు ఎక్కువ లాభము కనబడినపుడెల్ల దీనిని శంకింపవలెను. రెండవది అస్థిరత. 2018లో వెస్ట్ మొదలగు బ్రిటిషు పరిశోధకులు ఏడెనిమిది ఏండ్ల పిల్లలపై జరిపిన పరిశీలనలో, ఇట్టి పరీక్షలను అదే పిల్లవానికి రెండుమార్లు పెట్టగా ఫలితములు పొంతన లేకుండ వచ్చెను. గుంపు మీద సగటు చెప్పుటకు పనికివచ్చు కొలత, ఒక్క పిల్లవానిపై తీర్పు చెప్పుటకు పనికిరాకపోవచ్చును. ఈ మాటను గురువులు మరువరాదు. "వీనికి ధారణ లేదు" అను పాత తీర్పు స్థానమున "వీనికి అవ్యక్తస్మృతి లేదు" అను కొత్త తీర్పు వచ్చినచో సాధించినదేమియు ఉండదు.

ఈ కృషిని చదివినవారు రెండు విధములుగ పొరబడుచున్నారు. కొందరు "మూడేండ్లకే సంస్కారశక్తి సంపూర్ణము. కావున అర్థముతో పనిలేక ఎంత వీలైన అంత చిన్ననాడే వల్లింపజేయుడు, జీవితమంతయు నిలుచును" అని వాదింతురు. చిత్రఖండముల వంటి రూపసంబంధి పరీక్షలలో వయోభేదము స్వల్పమనుట నిజము. కాని అర్థసంబంధమును ఆశ్రయించిన పరీక్షలలో, పిల్లవాని విషయజ్ఞానము పెరిగిన కొలది లాభమును పెరుగుట కనబడినది. అర్థము తెలియని వాని సంస్కారము శబ్దమునకే పరిమితమగును. శైశవసంస్కారము దానంతటది జీవితమంతయు నిలువదని గ్రీకుఖండముల వృత్తాంతము చెప్పుచున్నది. మరికొందరు దీనికి విపరీతముగ "అర్థము లేని వల్లెవేత వ్యర్థము, బాలునకు మిగులునది శూన్యము" అందురు. 435కును 317కును గల అంతరము శూన్యము కాదు.

మూడవ వర్గమొకటి కలదు. "ఇదంతయు యోగసూత్రములలో ఉన్నదే" అని వీరు సంతోషింతురు. సంస్కారస్వరూపము శాస్త్రములలో కలదు, నిజమే. కాని ఎనిమిదిన్నర ఏండ్లకు ఎన్ని ఆవృత్తులు తగ్గునో ఏ శాస్త్రమునందును లేదు. అది పరీక్ష చేసినవానికి మాత్రమే తెలియును. 2016లో హార్ట్‌జెల్ మొదలగువారు 21 మంది యజుర్వేద పండితుల మెదడు చిత్రములను తీసి, వేదము చదువని 21 మందితో పోల్చి కొన్ని భాగములు పెద్దవిగ నున్నవని ప్రకటించిరి. ఆ పరిశోధన గౌరవింపదగినదే. అయినను అది పెద్దవారి మీద ఒక్కమారు చేసిన పోలిక. చదువుకు ముందు వారి స్థితి ఎట్టిదో అది చెప్పదు. బాల్యమున ఏమి జరుగునో అంతకన్న చెప్పదు. దానిని జెండాగ ఎత్తి ఊరేగించుట కంటె, పాఠశాలలోనే దాని ముందుభాగమును పూరించుట పండితులకు తగిన పని.

అది అసాధ్యము కాదు. ఆవృత్తిని లెక్కించుట పాఠశాలలకు పరాయి పని కాదు. పాశ్చాత్యుడు కొత్తగ కల్పించుకొనవలసి వచ్చిన మానము ఇచట నిత్యవ్యవహారము. లేనిది దానిని వ్రాసియుంచు అలవాటు మాత్రమే. ప్రతి విద్యార్థి పేర ఒక పుస్తకమును పెట్టి, ఏ అనువాకము, లేక ఏ సర్గలోని ఏ శ్లోకము, ఎన్ని ఆవృత్తులకు తప్పు లేకుండ వచ్చెనో, ఏ దినమున విడువబడెనో, మరల ఎన్నింటికి వచ్చెనో వ్రాసిన చాలును. మరల చెప్పునపుడు అంతే పరిమాణము గల కొత్తపాఠమును పక్కన పెట్టి దాని ఆవృత్తులను గూడ వ్రాయవలెను. అది మొదటి కొలతకు బదులు నిలుచును. పదేండ్లపాటు పది పాఠశాలలు ఇట్లు చేసిన యెడల బర్ట్ ఒక్క పిల్లవానితో సాధించినదానిని వందలమందితో సరిచూడవచ్చును. అట్టి పరిశోధనకు కావలసిన సామగ్రి కాగితము, ఓపిక.

వ్యాకరణవిభాగమువారు చేయదగిన పరీక్షయు ఒకటి కలదు. శబ్దమంజరి వల్లించు బాలునకు ణత్వసూత్రము తెలియదు. వాడు "రామేణ" అనును, "దేవేన" అనును. వానికి అర్థము లేని కల్పితప్రాతిపదికలు ఇరువది ఇచ్చి తృతీయైకవచనము చెప్పుమనవలెను. పదింటియందు రేఫముండవలెను, పదింటియందు ఉండరాదు. "టిర" యన్నపుడు "టిరేణ" అనియు, "టిప" యన్నపుడు "టిపేన" అనియు చెప్పినచో వానియందు సూత్రఫలము సంస్కారరూపమున కలదు. కారణమడిగిన చెప్పలేకపోవుట ఆ విషయమును దృఢపరచును. అన్నింటికిని "న" యే చెప్పువానికిని పది ఒప్పులు వచ్చునని గుర్తుంచుకొని, పదికి పైబడిన దానినే లెక్కింపవలెను. ఇట్టి కల్పితపదములతో 1958లో జీన్ బెర్కో ఆంగ్లబాలుర బహువచనజ్ఞానమును పరీక్షించెను. ఆ పదములు విన్నవి కావు గనుక స్మృతిసాంకర్యమునకు చోటు తక్కువ.

తెలుగుశాఖవారికి మరింత సులభము. బడికి రాని పిల్లవాడు సైతము "పిల్లి" యని "పిల్లులు" అనును, "బల్లి" యని "బల్లులు" అనును. "పిల్లికి" అనియు, "ఆవుకు" అనియు విభక్తిని అచ్చును బట్టి మార్చును. చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణమున సూత్రించిన పనిని నాలుగేండ్లపిల్ల సూత్రము లేకయే చేయుచున్నది. కల్పితపదములతో ఏ వయస్సున ఏ కార్యము కుదురుకొనునో వరుసగ గుర్తించినచో వ్యాకరణబోధన ఎచట ప్రారంభింపవలెనో తెలియును. తమిళదేశమునను, అమెరికాయందును పెరుగుచు ఇంట మాత్రమే తెలుగు విను పిల్లలకు తెలుగు చెప్పువారికిని ఇది అక్కరకు వచ్చును. ఆ పిల్లలు తెలుగులో మాటాడలేనంత మాత్రమున వారికి తెలుగు లేదనుట కూడ పైన చెప్పిన తీర్పు వంటిదే.

ఈ పనులలో మూడు నియమములు తప్పరాదు. అడిగి తెలిసికొన్నదానిని, అడుగక తెలిసికొన్నదానిని వేరువేరుగ వ్రాయవలెను. మొదటి కొలతను తీసివేయక ఏ లాభమును ప్రకటింపరాదు. ఒక్క దినపు ఫలితముతో ఒక్క పిల్లవానిపై తీర్పు చెప్పరాదు. ప్రాచ్యకళాశాలల ప్రశ్నపత్రములు నేడు అడిగి తెలిసికొనుదానినే కొలుచుచున్నవి. పరీక్షలకు అది చాలవచ్చును. చదువునకు చాలదు.

రెండు మాసముల పిమ్మట తిరిగివచ్చి మొదటి వాక్యముననే ఆగిపోయిన బాలుడు ఇంకను గురువు ఎదుట నిలిచియే యున్నాడు. వానిని "చెప్పు" మని మరల మరల అడుగుట వలన ప్రయోజనము లేదు. వానిని కూర్చుండబెట్టి మరల సంథ చెప్పవలెను. మొదట ముప్పది ఆవృత్తులు పట్టినది ఈసారి ఇరువదింట వచ్చినచో తక్కిన పది ఎచటినుండి వచ్చినవో గురువు ఆలోచింపవలెను. అవి పిల్లవానియందు మొదటినుండియు ఉన్నవే. వానిని వెలికి తీయకముందే ఇంటికి పంపిన యెడల లోపము ధారణయందు కాదు, పరీక్షయందు. ఈ విషయమును విద్వాంసులు తమతమ పాఠశాలలలో పరీక్షించి చూతురు గాక.